చిరునామా ఉన్న చెత్త

పోయిన ఎండాకాలం సెలవులకు మా అక్క పిల్లలు కడపకు వచ్చి పది రోజులున్నారు. వాళ్లు ఊరికి పోయిన మర్నాడు పొడి చెత్త బుట్టను మిద్దె మీద బోర్లించి, ఏది ఎక్కడికి చేరుతుందో తెలుసుకుందామని కుప్పలుగా వేరు చేశాను. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకు సీసాలు ఒక కుప్ప. పాల ప్యాకెట్లు ఒకటి. అట్టపెట్టెలు, పేపర్లు ఒకటి. మిగిలిందంతా చిప్సు, బిస్కెట్లు, చాక్లెట్లు, నూడుల్సు, మసాలా పొడుల పొట్లాలు. చూడటానికి అన్నిటికంటే పెద్ద కుప్ప అదే. లెక్కపెడితే 142 పొట్లాలు. వంటింటి కాటా మీద పెడితే 410 గ్రాములు.

నాలుగు కుప్పలూ సంచుల్లో వేసుకుని పాత సామాన్ల కొట్టుకు పోయాను. మూడు సంచులు తూకం వేసి డబ్బులిచ్చాడు. నాలుగో సంచి మూతి తెరిచి చూసి, చెయ్యి కూడా పెట్టకుండా, “ఇది కాటాకు రాదక్కా” అన్నాడు. మర్నాడు పొద్దున చెత్త బండితో వచ్చే ఆమెను అడిగాను. “పొడి చెత్తలోనే వెయ్యక్కా. మేం ఏరి పక్కన పెడతాం. కానీ ఇయ్యి ఎవురూ కొనరు, యార్డులో అట్లే పడుంటాయి” అంది.

సంచిని వెనక్కి తెచ్చి మెట్ల కింద పెట్టాను. ఒక పొట్లం తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు, ఊరు, పిన్‌కోడు, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉన్నాయి. తూనికలు, కొలతల చట్టం కింద 2011లో అమల్లోకి వచ్చిన ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా అచ్చు వేయక తప్పదు. ఇంట్లో పుట్టే చెత్తలో అరటి తొక్కకు చిరునామా ఉండదు, చిరిగిన చాపకు ఉండదు. ఈ పొట్లానికి ఉంది. మరి చిరునామా ఉన్నవాళ్లు దాన్ని ఎందుకు తీసుకుపోరు? ఆ బరువు కడప నగరపాలక సంస్థ మీద, ఆ బండి తోలుకొచ్చే ఆమె మీద ఎందుకు పడింది? జవాబు కోసం చట్టాలు, సిమెంటు కొలిములు, చెత్త పన్ను గొడవ అన్నీ తిరిగి రావాల్సి వచ్చింది.

కాటాకు ఎందుకు రాదు

లీటరు నీళ్ల సీసా ఖాళీది ఇరవై గ్రాములు అటూ ఇటూ ఉంటుంది. యాభై సీసాలు ఏరితే కిలో. పైగా సీసా అంతా ఒకే రకం ప్లాస్టిక్, పెట్ అంటారు. మూత, లేబులు తీసేసి, కడిగి, ముక్కలు చేసి కరిగిస్తే దారం అవుతుంది, ఆ దారం బట్టలకు, తివాచీలకు పోతుంది. కొనేవాడున్నాడు కాబట్టి ఏరేవాళ్లూ ఉన్నారు. రోడ్డు మీద పడేసిన ఖాళీ సీసా సాయంత్రానికి కనబడకుండా పోయేది అందుకే. మన ఊళ్లలో ప్లాస్టిక్ రీసైక్లింగ్ అనేది ఏ కొద్దిగానైనా జరుగుతోందంటే, అది ఎక్కువగా చిత్తు కాగితాలు, సీసాలు ఏరుకుని బతికేవాళ్ల వల్ల, పాత సామాన్ల కొట్ల వల్ల. వాళ్లకు జీతం ఎవరూ ఇవ్వరు. ఆ మాట ఏ ప్రభుత్వ నివేదికలోనైనా మొదటి పేజీలో ఉండాలని నా అభిప్రాయం.

చిప్సు పొట్లం సంగతి వేరు. చిన్నది రెండు, మూడు గ్రాములే. కిలో కావాలంటే మూడు నుంచి ఐదు వందలు ఏరాలి. అంత ఏరినా అది ఒక వస్తువు కాదు. బయట బొమ్మలు అచ్చేసిన పొర, దాని లోపల అల్యూమినియం ఆవిరిని పూతగా పట్టించిన పొర, అన్నిటికంటే లోపల వేడికి అతుక్కుని సీలు పడే పొర. కొన్నిటిలో పూత కాకుండా అసలు అల్యూమినియం రేకే ఉంటుంది. వెండిరంగు మెరుపు దానిదే. గాలి, తేమ, వెలుతురు లోపలికి పోకుండా ఇవన్నీ కలిసి ఆపుతాయి. ఎక్కడో ఫ్యాక్టరీలో వేయించిన ఆలుగడ్డ ముక్క మూడు నెలల తర్వాత కడపలో కూడా కరకరలాడేది ఈ పొరల వల్లే. ఐదు రూపాయలకు తినుబండారం పల్లె పల్లెకు చేరిందీ వీటివల్లే. వస్తువును కాపాడటంలో ఇంత నేర్పుగా అతికించారు కాబట్టే మళ్లీ విడదీయడం కష్టం. విడదీయలేని దాన్ని కరిగిస్తే దేనికీ పనికిరాని ముద్ద వస్తుంది. దానికి నూనె, మసాలా అంటుకుని ఉంటాయి. కడగాలంటే నీళ్లు కావాలి, రాయలసీమలో నీళ్ల ఖర్చు వేరే చెప్పక్కర్లేదు.

పొట్లం అడుగున మూడు బాణాల త్రికోణం ఉంటుంది. అది కనబడగానే రీసైకిల్ అవుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ చాలా ఏళ్లు అట్లే అనుకున్నాను. ఆ గుర్తు చెప్పేది ప్లాస్టిక్ రకం మాత్రమే. లోపల 1 ఉంటే పెట్ సీసా. 4 ఉంటే పాల ప్యాకెట్ లాంటి మెత్తటి పాలిథీన్. 7 ఉంటే “ఇతరములు”, అంటే 1 నుంచి 6 దాకా ఉన్న రకాల్లో చేరనివి, కలగాపులగంగా అతికించినవి. నా సంచిలో వెండిరంగు పొట్లాలు ఎక్కువ శాతం 7 అంకెవే.

చట్టం ఎవరి పేరు రాసింది

ముందు మున్సిపాలిటీ పేరు రాసింది. 1992లో 74వ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు చేర్చిన 12వ షెడ్యూలులో ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ పట్టణ స్థానిక సంస్థల పనుల జాబితాలో ఉన్నాయి. 2000లో వచ్చిన మున్సిపల్ ఘన వ్యర్థాల నిబంధనలు కూడా సేకరణ, రవాణా, నిల్వ అన్నీ వాళ్లకే అప్పగించాయి. చెత్త అంటే ఆకులు, అలములు, బూడిద, వంటింటి వ్యర్థం అనుకున్న కాలంలో పుట్టిన ఆలోచన ఇది. ఎవరిదని చెప్పలేని చెత్త ఊరిది. అందులో అన్యాయం లేదు.

ప్లాస్టిక్ పెరిగాక ప్రభుత్వం మొదట పట్టుకున్నది క్యారీబ్యాగుల మందాన్ని. 1999 నిబంధనల్లో 20 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 2011లో 40, 2016లో 50, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. ఇరవై ఏళ్లకు పైగా కూరగాయల కవరు మందం మీదే ఆట సాగింది. ఆ కాలమంతా కంపెనీ పొట్లం కిరాణా కొట్ల ముందు తోరణాల్లాగా వేలాడుతూ పెరిగిపోయింది. కవరు మందం లెక్క దానికి తగల్లేదు.

2016 మార్చిలో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు మాత్రం నిజంగా పెద్ద మలుపు. ప్లాస్టిక్ ప్యాకింగును తెచ్చి అమ్మినవాళ్లే దాని చెత్తను వెనక్కి తీసుకునే బాధ్యత వహించాలని అందులో గట్టిగా రాశారు. ఈ ఆలోచన స్వీడన్‌లో 1990లో థామస్ లిండ్‌క్విస్ట్ అనే పరిశోధకుడు పేరు పెట్టినది. జర్మనీ 1991లోనే ప్యాకింగు చెత్తకు చట్టంగా చేసింది. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో ఈపీఆర్ అంటారు. తెలుగులో విస్తరించిన ఉత్పత్తిదారు బాధ్యత అని రాస్తున్నారు కానీ, “అమ్మినవాడే ఎత్తుకోవాలి” అంటే సరిపోతుంది.

అదే 2016 నిబంధనల్లో ఇంకో రెండు మాటలున్నాయి. రీసైకిల్ చేయలేని బహుళ పొరల ప్లాస్టిక్ తయారీని, వాడకాన్ని రెండేళ్లలో మానెయ్యాలి అన్నది మొదటిది. క్యారీబ్యాగులు ఇచ్చే దుకాణాలు స్థానిక సంస్థ దగ్గర నమోదు చేసుకుని నెలకు కనీసం 4 వేల రూపాయలు కట్టాలి అన్నది రెండోది. ఆ డబ్బు ఊరి చెత్త పనికి వాడాలి.

రెండేళ్ల గడువు ముగిసే సమయానికి, 2018 మార్చిలో, సవరణ వచ్చింది. దుకాణాల నమోదు రుసుము నిబంధన తీసేశారు. బహుళ పొరల ప్లాస్టిక్ దగ్గర వాక్యం మార్చారు. రీసైకిల్ చేయలేనిది, శక్తి రాబట్టలేనిది, మరే విధంగానూ పనికిరానిది అయితేనే మానెయ్యాలి అన్నారు. ప్లాస్టిక్ పుట్టింది పెట్రోలియం నుంచి, అగ్గి పెడితే మండుతుంది. మండేదాని నుంచి శక్తి రాబట్టలేమని ఎవరు నిరూపించగలరు? ఆ వాక్యంతో నా సంచిలోని 142 పొట్లాలకూ ఈ దేశంలో శాశ్వతంగా ఉండే హక్కు దొరికింది. ఈ మొత్తం కథలో అసలు ముడి అక్కడే పడిందని నేను అనుకుంటున్నాను. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం అన్నప్పుడు ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పల్చటి పొర, చెవి పుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు జాబితాలోకి వచ్చాయి. చిప్సు పొట్లం రాలేదు.

దీని ఫలితం కడప వీధుల్లో కళ్లకు కనబడుతుంది. దాడులు జరిగేది చిన్న హోటళ్ల మీద, తోపుడు బండ్ల మీద. సంగటి, పులుసు పార్సిల్ కట్టేవాళ్లు, దోశెల బండి దగ్గర చట్నీ కవర్లో పోసిచ్చేవాళ్లు జరిమానా కడతారు. వాళ్లది తప్పు కాదని అనడం లేదు. వేడి సాంబారు పల్చటి కవర్లో పోయడం ఆరోగ్యానికీ మంచిది కాదు, గిన్నె తీసుకుపోతే సగం సమస్య తీరుతుంది. కానీ ఆ బండి పక్కనే ఉన్న కొట్లో వేలాడే వందల పొట్లాల జోలికి ఎవరూ పోరు. వాటికి చట్టం అనుమతి ఉంది.

సర్టిఫికెట్‌కు ఊరు ఉండదు

2022 ఫిబ్రవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ ఈపీఆర్‌కు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది ఇదే. ప్లాస్టిక్ ప్యాకింగును నాలుగు వర్గాలు చేశారు. గట్టి సీసాలు, డబ్బాలు మొదటి వర్గం. పాల ప్యాకెట్ల లాంటివి, పొరలన్నీ ప్లాస్టిక్కే అయినవి, క్యారీబ్యాగులు రెండోది. ప్లాస్టిక్‌తో పాటు అల్యూమినియం, కాగితం లాంటి వేరే పొర కూడా అతికించినవి మూడోది. కంపోస్టు అయ్యే రకాలు నాలుగోది. కంపెనీలు ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఎన్ని టన్నుల ప్యాకింగును మార్కెట్లోకి పంపారో దానికి తగ్గట్టు వెనక్కి తీసుకున్నట్టు చూపించాలి. 2021-22కు 25 శాతం, 2022-23కు 70 శాతం, 2023-24 నుంచి నూటికి నూరు. అందులో తప్పనిసరిగా రీసైకిల్ కావాల్సిన వాటా 2024-25లో మొదటి వర్గానికి 50 శాతం, మూడో వర్గానికి 30 శాతం. 2027-28 నాటికి అవి 80, 60 శాతానికి పెరగాలి. మిగిలింది రోడ్లు వేయడానికో, కరెంటు తీయడానికో, సిమెంటు కొలిమిలో కాల్చడానికో పంపొచ్చు.

కాగితం మీద ఇది గొప్ప చట్టం. నూరు పంపితే నూరూ వెనక్కి రావాలి. మరి మా మెట్ల కింద సంచి ఎందుకు కదలదు?

కంపెనీ మనిషి ఎవరూ వచ్చి పొట్లాలు ఏరరు. నమోదైన రీసైక్లింగ్ యూనిట్ ఒక టన్ను ప్లాస్టిక్‌ను ప్రాసెస్ చేస్తే దాని పేరు మీద ఒక టన్నుకు సర్టిఫికెట్ పుడుతుంది. కంపెనీ దాన్ని కొని తన లెక్కలో చూపిస్తుంది. ఆ సర్టిఫికెట్‌కు వర్గం ఉంటుంది, ఏడాది ఉంటుంది, టన్నులు ఉంటాయి. ఏ ఊరి చెత్త అన్నది లెక్కలోకి రాదు. ఉదాహరణకు ఒక కంపెనీ కడప జిల్లాలో వంద టన్నుల పొట్లాలు అమ్మిందనుకుందాం. అదే వర్గానికి చెందిన వంద టన్నులు ఏ గుజరాత్‌లోనో, ఢిల్లీ చుట్టుపక్కలో ప్రాసెస్ అయినట్టు సర్టిఫికెట్లు కొంటే దాని బాధ్యత తీరిపోయింది. కడపలో ఒక్క పొట్లం కూడా ఎత్తక్కర్లేదు. వ్యాపారి లెక్కలో చూస్తే ఎక్కడ చవకగా, శుభ్రంగా, ఎక్కువ మొత్తంలో దొరుకుతుందో అక్కడే కొంటారు. పెద్ద నగరాలు, ఫ్యాక్టరీల పక్కన అది సులభం. కడపలోని ఎర్రముక్కపల్లె కాలువలో మట్టి కొట్టుకున్న పొట్లం కోసం ఎవరొస్తారు?

పొట్లాల మీద ఉన్న ఈమెయిళ్లకు రాసి చూశాను. కడపలో మీ పొట్లాలు తీసుకునే చోటు ఎక్కడుంది అని ఒకటే ప్రశ్న. ఒక కంపెనీ నుంచి మర్యాదగా జవాబొచ్చింది. ఆ ఏడాదికి తమ లక్ష్యం పూర్తిగా నెరవేర్చామని రాశారు. కడప మాట అందులో లేదు. వాళ్లు అబద్ధం చెప్పారని నేను అనుకోవడం లేదు. చట్టం అడిగింది వాళ్లు చేసి ఉండొచ్చు. చట్టమే కడప గురించి అడగలేదు.

సర్టిఫికెట్లలోనూ మోసం జరిగింది. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లోని కొన్ని యూనిట్లు లక్షల సంఖ్యలో నకిలీవి పుట్టించాయని బయటపడింది. ప్రాసెస్ చేయని ప్లాస్టిక్‌ను చేసినట్టు చూపించారు. అంటే అంత చెత్త ఎక్కడో ఒక ఊళ్లో అట్లే ఉండిపోయింది, దాని బాధ్యత మాత్రం లెక్కల్లో తీరిపోయింది. ఆ తర్వాత పోర్టల్‌ను కట్టుదిట్టం చేశారు. అయినా ఊరి పేరు అడగనంత కాలం ఊరికి వచ్చే లాభం తక్కువే.

ఇంకో సంగతి. మన దగ్గర అమ్ముడయ్యే పొట్లాలన్నీ పెద్ద కంపెనీలవి కావు. నీళ్ల ప్యాకెట్లు, బొరుగుల మిక్చరు, చెక్కిలాలు, బేకరీ రొట్టె కవర్లు చాలావరకు ఇక్కడి చిన్న యూనిట్లవే. అతి చిన్న, చిన్న పరిశ్రమల బాధ్యతను 2024 సవరణతో ప్లాస్టిక్ ముడిసరుకు తయారుచేసేవాళ్లకు బదలాయించారు. చిన్నవాళ్ల మీద భారం వెయ్యకపోవడం సబబే. కాకపోతే ఆ బాధ్యత ఇంకో అడుగు దూరం జరిగి, ఏదో పెట్రోకెమికల్ ఫ్యాక్టరీ దాకా పోయింది.

ఎర్రగుంట్ల కొలిములు

కడపకు దేశంలో చాలా ఊళ్లకు లేని ఒక వెసులుబాటు ఉంది. సున్నపురాయి. నాపరాళ్లు పరిచిన ఇళ్లలో పెరిగినవాళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు. ఆ రాయి వల్లే ఎర్రగుంట్ల, చిలమకూరు, నల్లలింగాయపల్లె, జమ్మలమడుగు దగ్గర చిన్నకోమెర్ల, అటు తాడిపత్రి, ఇటు కొలిమిగుండ్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. కడప నుంచి ఎర్రగుంట్లకు సుమారు 40 కిలోమీటర్లు.

సిమెంటు కొలిమిలో రాయి 1450 డిగ్రీల దాకా కాలాలి. బొగ్గు బాగా తాగే పని. బొగ్గుకు బదులు కొంత ప్లాస్టిక్ వేస్తే అదీ బొగ్గుకు తీసిపోకుండా మండుతుంది. అంత వేడిలో విషవాయువులు చాలావరకు విరిగిపోతాయి, మిగిలిన బూడిద, సిమెంటుగా నూరే కాలిన రాయి ఉండల్లో, అంటే క్లింకర్‌లోనే కలిసిపోతుంది. కో-ప్రాసెసింగ్ అంటారు. డంపింగ్ యార్డుల పాత గుట్టలను తవ్వి జల్లెడ పట్టే పనిలో బయటపడే ప్లాస్టిక్, గుడ్డపీలికలు కూడా ఇదే దారిన పంపాలన్నది పద్ధతి.

రోడ్డు పక్కన తగలబెట్టడంతో పోలిస్తే ఇది వెయ్యి రెట్లు మేలు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5 వేలు, పెద్ద మొత్తంలో అయితే 25 వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. అయినా తెల్లవారుజామున వాకింగ్‌కు పోతే ఆ వాసన తెలుస్తూనే ఉంటుంది. కాబట్టి రీసైకిల్ కాని పొట్లానికి కొలిమి దారిని నేను ఒప్పుకుంటాను. దాన్ని రీసైక్లింగ్ అని పిలవడాన్ని మాత్రం ఒప్పుకోను. కాలిపోయిన పొట్లం మళ్లీ పొట్లం కాదు. రేపటి పొట్లానికి కొత్త పెట్రోలియం కావాల్సిందే.

ఖర్చు సంగతి ఇంకా ముఖ్యం. కొలిమికి పోవాలంటే ప్లాస్టిక్ ఎండి ఉండాలి, మట్టి ఉండకూడదు, పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ కలవకూడదు, ముక్కలు చేసి ఉండాలి. ఏరేదీ, ఆరబెట్టేదీ, బేళ్లుగా కట్టేదీ మున్సిపాలిటీ. చాలా చోట్ల లారీ బాడుగ కూడా దానిదే. కాల్చినందుకు పుట్టే సర్టిఫికెట్ మాత్రం ప్రాసెస్ చేసినవాళ్ల పేరు మీద పుడుతుంది, దాన్ని కొనేది పొట్లం కంపెనీ. ఏరినవాళ్లకు వాటా ఎంత అన్నది ఒప్పందంలో రాసుకుంటేనే వస్తుంది. రాసుకోకపోతే మన కార్మికుల చేతి పని పక్కవాళ్ల లెక్కలో జమ అవుతుంది. ఎర్రగుంట్ల పక్కనే ఉన్న ఊరు బేరం ఆడటానికి మంచి చోటే ఉంది. బేరం ఆడాలంటే ముందు చేతిలో తూకం ఉండాలి.

డబ్బు ఎవరిని అడిగారు

2021 అక్టోబరులో రాష్ట్రంలో క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైనప్పుడు ఇంటింటి చెత్త సేకరణకు నెలనెలా చార్జీ పెట్టారు. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. కడపలో 2024 ఆగస్టులో ఆ గొడవ మేయర్ ఇంటి ముందు చెత్త పోసేదాకా పోయింది. అదే ఏడాది అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దు ప్రకటించారు. 2025 జనవరి 18న మన జిల్లాలోని మైదుకూరులోనే స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమం ప్రారంభించి, ప్రతి నెలా మూడో శనివారం దానికి కేటాయించారు.

పన్ను పెట్టినప్పుడూ, తీసేసినప్పుడూ వాదన అంతా ఇంటివాళ్లు కట్టాలా, ప్రభుత్వం భరించాలా అన్నదే. రెండు వైపులా ఉన్నది మనమే. ఇంటి నుంచి కడితే ఈ జేబు, ఖజానా నుంచి కడితే ఆ జేబు. మూడో మనిషి, అంటే ఆ చెత్త మీద తన పేరు అచ్చేసుకున్నవాడు, ఆ గొడవలో ఎక్కడా కనబడలేదు. ఇంట్లోనే సంగటి గెలికి, తోటకూర పులుసు వండుకుని, వారానికి రెండు పాల ప్యాకెట్లు తప్ప ఏమీ పారేయని ముసలావిడ, రోజుకు పది పొట్లాలు విప్పే ఇల్లు ఒకే చార్జీ కట్టారు. కలుషితం చేసినవాడే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో చెప్పింది. ప్యాకింగు చెత్తకు ఆ సూత్రం పోర్టల్ దాకా వచ్చింది, వీధి దాకా రాలేదు.

ఆ ఖర్చు మనుషుల మీదే కాదు, నోరులేని వాటి మీదా పడుతుంది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ ఆవులకు ఆపరేషన్ చేస్తే కడుపుల్లోంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. ఉప్పు, నూనె వాసన ఉన్న కవరును ఆవు తిండి అనుకుని మింగేస్తుంది, అది జీర్ణం కాదు, బయటికి పోదు. ఆ సంస్థ 2012లో సుప్రీంకోర్టుకు పోయింది. మన సీమ ఊరి నుంచి దేశం మొత్తానికి ఒక ప్రశ్న వేసిన వ్యాజ్యం అది. దాన్ని ఇక్కడివాళ్లే మర్చిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఊరు ఏం చేయగలదు

తమిళనాడులోని తూత్తుకుడిలో 2018లో ఒక ఆడపిల్లల బడి పిల్లలు తాము తిన్న పొట్లాలు 20 వేలకు పైగా పోగుచేశారు. ఏ కంపెనీవి ఎన్ని అని లెక్కగట్టి, మున్సిపల్ కార్పొరేషన్ సాయంతో, ఉత్తరం జతచేసి కంపెనీలకు తిరిగి పంపించారు. చెత్తను దాని చిరునామాకు చేర్చారు. అందులో నాకు నచ్చింది లెక్క. పేరు పేరునా లెక్క ఉంటే అడగడానికి నోరు వస్తుంది.

అదే రాష్ట్రంలో నీలగిరి జిల్లాలో అడవుల్లో పగిలిన సీసాలు జంతువుల కాళ్లు కోస్తున్నాయని మద్రాసు హైకోర్టు కల్పించుకుంది. 2022 మే నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. మనకు కొత్త సంగతేం కాదు. గోలీ సోడా సీసా తాగి అక్కడే ఇచ్చేసేవాళ్లం, కూల్‌డ్రింకు గాజు సీసా ఇంటికి తీసుకుపోవాలంటే కొట్లో అడ్వాన్సు కట్టేవాళ్లం. సీసాకు విలువ ఉన్నన్నాళ్లూ అది కాలువలో కనబడలేదు. రెండు గ్రాముల పొట్లానికి అడ్వాన్సు పెట్టడం కష్టమే, ఒప్పుకుంటాను. పాల ప్యాకెట్లకు, నీళ్ల సీసాలకు కుదురుతుంది. పొట్లాలకు మాత్రం సర్టిఫికెట్ మీద ఊరి పేరు రావాలి, అమ్మిన జిల్లాలో కనీసం ఇంత వాటా ఎత్తాలని నిబంధన రావాలి. అది కేంద్రం చేతిలో పని. అడగాల్సింది రాష్ట్రం, నగరపాలక సంస్థలు.

మన చేతిలో ఉన్న పనులు చిన్నవి. పాల ప్యాకెట్ మూల కత్తిరించినప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా తెంపకుండా ప్యాకెట్‌కే ఉంచితే అది కడపలో పారే బుగ్గవంక దాకా కొట్టుకుపోదు. పొట్లాలను తడి చెత్తలో కలపకుండా పొడిగా ఒక సంచిలో వేస్తే కొలిమికి పనికొస్తాయి. వాటి మీద కంపెనీ ఈపీఆర్ రిజిస్ట్రేషన్ నంబరు, చాలావాటికి ఇంగ్లీషు బీఓ అక్షరాలతో మొదలయ్యేది, ఉందో లేదో చూడొచ్చు. కడప లాంటి, 2011 లెక్కల్లోనే మూడు లక్షల నలభై వేలు దాటిన ఊళ్లో ఒక్కో వార్డు నెలకు ఎన్ని కిలోల పొట్లాలు ఇస్తోందో ఆరు నెలలు విడిగా తూచినా, కాలుష్య నియంత్రణ మండలి ముందు పెట్టడానికి ఒక కాగితం తయారవుతుంది.

మా వీధి బండి దగ్గర రిజిస్టరులో తడి, పొడి అని రెండే గడులున్నాయి. పొట్లాలకు మూడో గడి గీయమని వచ్చే మూడో శనివారం శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను అడగబోతున్నాను. సంచి ఇంకా మెట్ల కిందే ఉంది. 410 గ్రాములు. మొదటి పద్దుగా దాన్నే రాయమంటాను.